తను చూసిన నీటి చుక్క

ఈమధ్య శేరిలింగంపల్లి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో సైన్స్ డే జరుపుతూ, మా యూనివర్సిటీ నుంచి పరిశోధన చేసేవాళ్ళని కొందరిని పిలిచారు. నేనూ వెళ్ళాను. పిల్లలకి రెండు మూడు ప్రయోగాలు చూపించాక ప్రశ్నలు అడగమన్నాం. రెండో వరసలోంచి ఒకమ్మాయి లేచి, "అక్కా, మీరు సైన్సే ఎందుకు తీస్కున్నరు? మీకు ఎవరు చెప్పిన్రు?" అంది.

మా ఎనిమిదో తరగతి బయాలజీ మేడమ్ వల్ల అని చెప్పాను. ఆవిడ ఎంత బాగా చెప్పేవారో నాలుగు మాటల్లో చెప్పాను. పక్కనే నిలబడ్డ టీచర్లు మురిసిపోయి చప్పట్లు కొట్టారు. అబద్ధమేం కాదు, మేడమ్ నిజంగానే బాగా చెప్పేవారు. కానీ తిరిగొస్తూ ఆటోలో కూర్చున్నాక నాకు మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. నేను సైన్స్‌లోకి వచ్చింది మేడమ్ పాఠం వల్ల కాదు. నా పక్క బెంచీలో కూర్చున్న ఒకమ్మాయిని చూసి ఓర్వలేక వచ్చాను. ఆ మాట పిల్లల ముందు ఎలా చెప్పను?

మాది కొత్తగూడలో అపార్ట్‌మెంట్. అమ్మా నాన్నా కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాన్న సాఫ్ట్‌వేర్, అమ్మ ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. స్కూల్లో మొదటి ర్యాంకు నాదే. అది నాకు గర్వంగా కూడా ఉండేది కాదు, ఉతికిన యూనిఫాంలా రోజూ సిద్ధంగా ఉండేది, అంతే.

ఆ పక్క బెంచీ అమ్మాయి, తను, ఎనిమిదో తరగతిలో మా స్కూల్లో చేరింది. వాళ్ళది ఖాజాగూడ పాత ఊరు. తాతల నాటి నుంచీ అక్కడే. వాళ్ళ నాన్న కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లకి ప్లంబింగ్ కాంట్రాక్టులు చేసేవాడు. తను చదువులో మామూలే. హిందీలో తప్పడం, లెక్కల్లో బాగానే రావడం, మిగతావి ఎలాగోలా గట్టెక్కడం. పైగా క్లాసులో ఎక్కువసేపు కిటికీలోంచి బయటికే చూసేది. తనని పోటీ అని నేను అనుకోవాల్సిన అవసరమే రాలేదు, ఆ మైక్రోస్కోప్ రోజు దాకా.

మేడమ్ ముందురోజే చెప్పారు, ఎవరైనా చెరువు నీళ్ళు తెండర్రా అని. అందరం విని మర్చిపోయాం. తను మాత్రం సీసాలో తెచ్చింది, అడుగున పాచితో సహా. స్కూలుకి ఉన్నది ఒకటే మైక్రోస్కోప్. మేడమ్ ఒక చుక్క గాజుపలక మీద వేసి, వరసగా వచ్చి చూడమన్నారు. మొదట నన్నే పిలిచారు.

ఒక కన్ను మూసుకుని వంగి చూశాను. నల్లగా, అడ్డంగా, ఊచల్లాంటివేవో కనబడ్డాయి. కాస్త కదిలితే అవీ కదిలాయి. తర్వాత తెలిసింది, అవి నా కనురెప్పల వెంట్రుకలేనని. అప్పుడు మాత్రం, "కనబడింది మేడమ్, చాలా బావుంది" అని పక్కకి తప్పుకున్నాను. నా వెనకాల వచ్చినవాళ్ళలో చాలామంది అదే మాట అన్నారు. వాళ్ళలో ఎంతమంది వెంట్రుకలు చూశారో నాకు తెలీదు.

తన వంతు వచ్చింది. వంగింది. లేవలేదు. వెనకాల వాళ్ళు తొందరపెడుతున్నా లేవలేదు.

"ఏం కనబడుతోందమ్మా?" అన్నారు మేడమ్.

"ఇది నడుస్తలేదు మేడం. ముందట మూతి ఆనిచ్చి, వెనకది దగ్గరికి గుంజుకుంటుంది. జలగ లెక్క. ఆగింది. ఇప్పుడు మూతికాడ ఏందో తిరుగుతుంది, రెండు దిక్కులా. దుమ్మంతా గిర్రున దాని నోట్లకే పోతుంది మేడం!"

మేడమ్ కళ్ళజోడు తీసేసి ఆవిడా వంగి చూశారు. చాలాసేపు చూశారు. లేచాక ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు.

ఆవిడ నాకు ఎన్నోసార్లు వెరీ గుడ్ అన్నారు, పేపర్లు అందరికీ ఎత్తి చూపించారు. నా తల మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. ఆ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే నాకు తినబుద్ధి కాలేదు. తను పక్కనే కూర్చుని పెరుగన్నం హాయిగా తింటోంది, తనేం చేసిందో తనకే తెలీనట్టు. ఆ తెలీకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

ఇంటికెళ్ళి నాన్నని మైక్రోస్కోప్ కొనమన్నాను. "దేనికమ్మా?" అన్నారు. "ప్రాజెక్ట్" అన్నాను. ప్రాజెక్ట్ అనే మాటకి మా ఇంట్లో ఎదురుండేది కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించారు. బొమ్మ కంటే కాస్త మెరుగైనది. వాటర్ ఫిల్టర్ నీళ్ళు వేసి చూశాను. ఏముంటుంది అందులో? కుళాయి నీళ్ళు, పూలకుండీ కింద పళ్ళెంలో నీళ్ళు కూడా వేశాను. మళ్ళీ వెంట్రుకలు, గాలి బుడగలు, గుండ్రటి నల్లటి అంచు. ఏడుపొచ్చింది.

చివరికి సిగ్గు చంపుకుని తననే అడిగాను, మీ చెరువు నీళ్ళు కావాలని.

"దానికేముంది, ఆదివారం మా ఇంటికి రా" అంది.

అమ్మ నన్ను అక్కడ దింపి, వాళ్ళమ్మతో "మీకు ఇబ్బందేం లేదు కదండీ" అని పదిసార్లు అంది. ఆవిడ నవ్వి, "ఇబ్బందేంది, మా బిడ్డ అసొంటిదే కదా" అని నన్ను లోపలికి లాక్కుంది. వేడివేడి సర్వపిండి పెట్టింది. తినేసి ఇద్దరం గుట్ట పక్క నుంచి చెరువుకి వెళ్ళాం. ఒకవైపు పెద్దపెద్ద బండరాళ్ళు, వాటి వెనక అద్దాల బిల్డింగులు. నీళ్ళ మీద గుర్రపు డెక్క, అక్కడక్కడా నురగ. నాకు వాసన పడలేదు. తను చెప్పులు విడిచి, వంగి, ఒక ఆకు కింది వైపు వేలితో రుద్ది, ఆ వేలిని సీసాలో ముంచింది.

"నడిమిట్ల నీళ్ళల్ల ఏముండయ్. గిట్ల ఆకు కిందనే ఉంటయ్" అంది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తరు? జూస్తే తెల్వదా?"

వాళ్ళ వరండాలో నా మైక్రోస్కోప్ పెట్టుకున్నాం. నేను మామూలుగానే ఒక కన్ను మూసి వంగాను. తను నా ముఖం కేసి చూసి నవ్వింది. "ఏందే, సూదిల దారం ఎక్కిస్తున్నట్టు జూస్తున్నవ్? రెండు కండ్లూ తెరువు. జర దూరం జరుగు. మొఖం పెట్టి గుద్దకు."

"రెండు కళ్ళూ తెరిస్తే టేబుల్ కనబడుతుంది."

"కనవడని. దాన్ని పట్టించుకోకు. ఊకె ఉండు, అదే వస్తది."

కోపమొచ్చింది. నాకు చెప్తుందా అని. అయినా అలాగే చేశాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత, ఎలా వచ్చిందో తెలీదు, ఒక వెలుతురు గుండ్రం తేటగా తెరుచుకుంది. అందులో గాజులాంటి చిన్న ప్రాణి ఒకటి ఒళ్ళు సాగదీసి, ముడుచుకుని, మళ్ళీ సాగదీసింది. ఒక పాచి ముక్కకి తోక ఆనించి నిలబడింది. తల విచ్చుకుంది. తల మీద రెండు చక్రాలు తిరగడం మొదలైంది. నిజానికి అవి చక్రాలు కావు, సన్నటి నూగు వరసగా ఊగుతుంటే తిరుగుతున్నట్టు కనబడుతుందని తర్వాత చదువుకున్నాను. కానీ ఆ రోజు చక్రాలే. దాని ఒంట్లోంచి లోపల నములుతున్న దవడలు కూడా కనబడుతున్నాయి.

నేను కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఆ సంతోషం ఎంతసేపు నిలిచిందో చెప్పలేను, కానీ దాని వెనకే వచ్చిన ఆలోచన మాత్రం బాగా గుర్తుంది. దీన్ని నాకంటే ముందు తను చూసేసింది.

పక్కనించి, "కనవడ్డదా?" అంది తను.

"ఆఁ" అన్నాను, ఏమంత గొప్ప కాదన్నట్టు.

ఆ వారమంతా దాని గురించే చదివాను. పేరు రోటిఫర్ అని, ఎండిపోయినా కొన్ని రకాలు చావవని, మళ్ళీ నీళ్ళు తగిలితే లేస్తాయని పట్టేశాను. సోమవారం క్లాసులో చెయ్యెత్తి గుక్క తిప్పుకోకుండా అప్పగించాను. తను ఆకు కింద రుద్ది తీసిందన్న మాట కూడా అందులో దొర్లింది. మేడమ్ సంతోషించారు. "శభాష్, బాగా చదివావు" అన్నారు. తర్వాత తన వైపు తిరిగి, "అవునూ, ఆకు కింద ఉంటాయని నువ్వు ఎట్లా కనిపెట్టావ్?" అని అడిగారు, నిజంగా తెలుసుకోవాలని ఉన్న మనిషిలా.

నన్ను మెచ్చుకున్నారు. తనని అడిగారు. ఆ తేడా నాకు పదమూడేళ్ళకే అర్థమైంది, ఆ గాయం ఇప్పటికీ మానలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు నేను తనతో స్నేహం చేశాను. చూసేవాళ్ళకి అది స్నేహమే. ఆదివారాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళమ్మ నాకోసం కారం తగ్గించి వండేది. తను ఏం చూస్తే నేను అదే చూసేదాన్ని, తర్వాత ఇంటికెళ్ళి తనకి తెలీనిదేదో చదివి వచ్చేదాన్ని. చలికాలంలో ఏవి కనబడతాయో, వాన పడ్డ మర్నాడు ఏవి మాయమవుతాయో తనకి మాటల్లో వచ్చేది కాదు. "ఇయ్యాల అవి లేవు" అనేది, అంతే. ఎందుకు లేవో నేను వెతికేదాన్ని. వెతుకుతూ వెతుకుతూ, ఎప్పుడు మొదలైందో తెలీదు, తను లేనప్పుడు కూడా వెతకడం మొదలుపెట్టాను. స్కూలు సైన్స్ ఫెయిర్‌లో ఇద్దరం కలిసి చెరువు నీళ్ళ మీద ప్రాజెక్ట్ పెట్టాం. చార్టులన్నీ నావి, మాటలన్నీ నావి. చూడ్డానికొచ్చిన పెద్దాయన నేను చెప్పిందంతా తలూపుతూ విని, మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న తన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బహుమతి ఇద్దరికీ ఇచ్చారు. ఆ కప్పు మా ఇంట్లోనే ఉంది. తను తీసుకుపొమ్మంది. అలా అనగలగడం కూడా నాకు నచ్చలేదు.

పదో తరగతి అయ్యింది. మా అపార్ట్‌మెంట్లో పిల్లలందరూ ఎంపీసీయే. నాన్న కాలేజీ కూడా చూసి ఉంచారు. నేను బైపీసీ అన్నాను.

"డాక్టర్ అవుతావా?" అంది అమ్మ ఆశగా.

"కాదు. ఆ తర్వాత బీఎస్సీ, ఎమ్మెస్సీ, పరిశోధన."

నాన్న నెమ్మదిగా, "ఎవరన్నా చెప్పారా అమ్మా?" అన్నారు.

"తనూ అదే తీసుకుంటుంది" అన్నాను.

"ఆ అమ్మాయి తీసుకుంటే నువ్వెందుకు తీసుకోవాలి?"

ఆ చెరువూ మైక్రోస్కోపూ అన్నీ తనకే వదిలేసి వెళ్ళలేను అని నాన్నకి ఎలా చెప్తాను? అన్నం మానేశాను, అలిగాను, అమ్మ మధ్యలో పడింది. చివరికి నాన్న ఒప్పుకుని, "నీ ఇష్టం. తర్వాత నన్ననకు" అన్నారు.

ఫీజు కట్టి వచ్చిన సాయంత్రం తనకి ఫోన్ చేశాను, నువ్వు ఏ కాలేజీలో చేరుతున్నావని.

"నేనా? సీఈసీ" అంది.

"సీఈసీ అంటే... కామర్స్?"

"అవ్. బాపు లెక్కలు నేనే రాస్త కదా, నాకు గది మంచిగనిపిస్తది. ఎందుకే?"

"మరి బయాలజీ?"

"బయాలజీ ఏంది?"

"చెరువూ... మైక్రోస్కోపూ..."

తను నవ్వింది. వెక్కిరింపు కాదు, నిజంగా ఆశ్చర్యపోయి నవ్వింది. "అది టైంపాస్ కదనే. మంచిగుండె. ఇగ అదే పట్టుకుని కూసుంటమా?"

ఫోన్ పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. కింద కొత్తగూడ సెంటర్లో బండ్లు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. అప్పటికింకా ఆలస్యం కాలేదు. నాన్నకి ఒక్క మాట చెబితే మర్నాడే ఎంపీసీకి మార్పించేవారు. లోపలికి వెళ్ళాను కూడా. నాన్న టీవీ చూస్తున్నారు. పక్కన కూర్చున్నాను. చెప్పలేదు. ఆ ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి ఖాజాగూడ చెరువుకి వెళ్ళి, ఆకు కింద రుద్ది, నీళ్ళు పట్టుకొచ్చుకున్నాను. పోటీ పడ్డానికి ఎవరూ లేరు. అయినా వెళ్ళాను. నాకు సైన్స్ అంటే ఇష్టమేనని అప్పుడు తెలిసింది, కాస్త అవమానంగానే.

ఇప్పుడు నేను చెరువుల్లోని రోటిఫర్ల మీదే పరిశోధన చేస్తున్నాను. ఏ చెరువు నీళ్ళలో అవి ఎంతకాలం బతుకుతాయో, ఎన్ని మిగులుతాయో చూడ్డం నా పని. నాతో చదివినవాళ్ళు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ కార్లు కొన్నారు. వాళ్ళని చూసి నాకు ఎప్పుడూ ఏమీ అనిపించదు. నా అసూయంతా ఒక్క మనిషికే ఖర్చయిపోయిందేమో.

తనూ అక్కడే ఒక కంపెనీలో అకౌంట్స్‌లో చేస్తోంది. మధ్యలో చాలాకాలం మాటల్లేవు. పోయిన శీతాకాలంలో కొండాపూర్‌లో కూరగాయల దగ్గర కనబడింది. అదే నవ్వు. "ఇంకా ఆ పురుగులేనా?" అంది. పురుగులు కావన్నాను. "జూపియ్యవా మరి?" అంది. ఒక శనివారం ల్యాబుకి తీసుకెళ్ళాను.

ఎందుకు తీసుకెళ్ళానో నాకు తెలుసు. మా మైక్రోస్కోప్ చూడాలి, తెర మీద కనిపించేది చూడాలి, నేను చేస్తున్న పని చూడాలి. చూసి, అయ్యో నేనెందుకు వదిలేశానా అని ఒక్క క్షణమైనా అనుకోవాలి. అంతకంటే గొప్ప ఉద్దేశమేమీ లేదు.

మైక్రోస్కోప్ కింద చిన్న గాజు గిన్నెలో ఈదే రకం రోటిఫర్లు ఉన్నాయి. వీటికి గుడ్లు ఒంటికే అతుక్కుని ఉంటాయి, మోసుకుంటూ తిరుగుతాయి. తను కుర్చీలో కూర్చుని వంగింది. ఎవరూ చెప్పకుండానే రెండు కళ్ళూ తెరిచి ఉంచింది. నేను వెనక నిలబడి నా ప్రయోగం గురించి చెబుతున్నాను. తను ఊఁ కొడుతోంది. మధ్యలో తన మోకాలు టేబుల్‌కి తగిలి గిన్నె అదిరింది. అదిరితే అవన్నీ చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, కాసేపటికి మళ్ళీ తెరుస్తాయి. అది నాకు రోజూ అలవాటే.

తను ఊఁ కొట్టడం ఆపేసింది. కొంతసేపాగి, ఈసారి కావాలనే టేబుల్ మీద వేలితో కొట్టింది. చూసింది. మళ్ళీ కొట్టింది.

"ఏయ్, ఊరుకో. అవి బెదిరిపోతాయి" అన్నాను.

"గుడ్లు ఉన్నవేమో చక్రాలు లేటుగ తెరుస్తున్నయ్, ఏందే?" అంది.

"ఏంటి?"

"గుడ్లు లేనియి ఎంబడే బయటికొస్తున్నయ్. గుడ్లు మోస్తున్నయి మాత్రం ఇంకా లోపలనే ఉంటున్నయ్. భయమా వాటికి?"

"అలా ఏం ఉండదు" అన్నాను.

"ఉండదా? సరే మరి" అని లేచింది. "చాయ్ తాపియ్యవా ఈడ?"

క్యాంటీన్‌లో తను వాళ్ళ మేనేజర్ గురించి, కొత్తగా నేర్చుకుంటున్న బ్యాడ్మింటన్ గురించి చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఎన్నాళ్ళుగానో ఆ గిన్నెల్లోకి చూస్తున్నాను. ఎన్ని ఉన్నాయి, ఎన్ని చచ్చాయి అని లెక్కపెడుతున్నాను. అవి ఏం చేస్తున్నాయో చూడలేదు. తను చాయ్‌కి ముందు కాసేపు కూర్చుని చూసింది. తనకి అది అక్కర్లేదు కూడా. అక్కర్లేనివాళ్ళకి అంత చూపు ఎందుకిచ్చాడో దేవుడు అని, గాజు గ్లాసు పట్టుకుని, తన ముఖంలోకి చూస్తూ నిజంగానే తిట్టుకున్నాను.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళాను. తను చెప్పింది తప్పు కావాలని నేను ఎంతగా కోరుకున్నానో చెబితే బాగుండదు. గిన్నె పెట్టి, తట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేశాను. ఒక గిన్నె, ఇంకో గిన్నె, వేరే చెరువు నీళ్ళు. అన్నీ కాదు కానీ, చాలావరకు అంతే. గుడ్లున్నవి ఆలస్యంగానే తెరుస్తున్నాయి. బాగా మురికి నీళ్ళలో ఉన్నవి ఇంకా ఆలస్యంగా. అలా చూస్తూ చూస్తూ మధ్యాహ్నం అయిపోయింది. భోజనానికి లేవలేదు. మధ్యలో ఎప్పుడో తప్పు కావాలని కోరుకోవడం మానేశాను. ఎందుకలా అవుతోందన్నదే మిగిలింది.

ఆ వారం మా గైడ్‌కి వీడియోలు చూపించాను. ఆయన మామూలుగా మెచ్చుకునే మనిషి కాదు. కుర్చీ ముందుకి జరుపుకుని రెండోసారి చూశారు. "మంచి పరిశీలన. ఇది విడిగా చేయాల్సిన పని. ఎలా తట్టింది నీకు?" అన్నారు.

నా నాలుక చివర నాకు కావాల్సిన జవాబు ఉంది. ఆయన ముఖంలో, అప్పట్లో మేడమ్ తనని అడిగినప్పుడు చూసిన ఆ కుతూహలం, మొదటిసారి నా వైపు తిరిగి ఉంది.

"నాకు తట్టలేదు సార్. నా ఫ్రెండ్ చూసి చెప్పింది" అన్నాను.

"ఏ ల్యాబ్?"

"ల్యాబ్ కాదు సార్. అకౌంట్స్‌లో పనిచేస్తుంది."

ఆయన గట్టిగా నవ్వారు. "మళ్ళీ తీసుకురా ఒకసారి" అన్నారు. నాకు తెలుసు, అంటారని.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తనకి పెద్ద మెసేజ్ రాశాను. నువ్వు చెప్పింది నిజమేనని, సార్‌కి ఎంత నచ్చిందో, దాని మీద కొత్తగా ఏమేం చేయబోతున్నామో, అన్నీ. తను కేకలు పెట్టి ఫోన్ చేస్తుందనుకున్నాను. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద, "సూపర్ ఉంది. ఆడిట్ నడుస్తుంది, పరేషాన్‌ల ఉన్న" అని.

అంతే. అలాంటి మెప్పు నాకు వచ్చుంటే ఆ రోజంతా గాల్లో తేలేదాన్ని. తనకి ఆడిట్ ఎక్కువైంది. కుళ్ళుకుంటూ చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాను. తర్వాత, ఆ రోజు ఇంకేమైనా గమనించావా అని టైప్ చేశాను. తుడిచేశాను. మళ్ళీ టైప్ చేసి, ఆలోచించకుండా పంపేశాను.

"ఇంకోటుండె" అని వచ్చింది. "ఆదివారం వస్త. జూసి చెప్త. బిర్యాని నీదే."